వట్రసుడి

కుర్చీలో కూర్చోకముందే దాసు సిస్టమ్ ఆన్ చేస్తాడు. అది పూర్తిగా లేవడానికి ఆరేడు నిమిషాలు పడుతుంది. ఈలోగా మెడ మీది తువ్వాలు తీసి కీబోర్డు దుమ్ము దులిపి, ఎదుటి బడ్డీలో టీ తాగి, చొక్కా అంచుతో కళ్ళజోడు తుడుచుకుంటూ వచ్చేసరికి స్క్రీన్ సిద్ధంగా ఉంటుంది. అప్పుడు కొత్త పేజీ తెరిచి మొదటి మాట కొడతాడు. ఇరవయ్యారేళ్ళుగా ఆ మొదటి మాట మారలేదు.

కృపామణి.

అది వాళ్ళావిడ పేరు. ప్రేమా దోమా కాదు, పరీక్ష అంటాడు అడిగినవాళ్ళతో. ఆ పేరు సరిగ్గా పడిందంటే మీటలన్నీ పనిచేస్తున్నట్టు, ఫాంటు కుదురుగా ఉన్నట్టు, ఆ పూటకి పని నడుస్తుందన్నట్టు. చూసుకుని చెరిపేసి పనిలో పడతాడు.

ఆ ఫిబ్రవరి ఉదయం మాత్రం కొట్టిన పేరు వెంటనే చెరపలేదు. ఆ సిస్టమ్‌కి అదే ఆఖరి రోజు. సాయంత్రం అయిదింటికి పాత సామాను కొనే మనిషి వచ్చి పట్టుకుపోతానన్నాడు.

చోడవరం బస్టాండుకి ఎదురు వరసలో, మందుల షాపుకీ చెప్పుల షాపుకీ మధ్య ఇరుక్కున్న జిరాక్సు షాపు అది. లోపల డీటీపీ కూడా ఉంది. చెరకు ట్రాక్టర్లు ఫ్యాక్టరీ వైపు వెళ్ళినప్పుడల్లా షాపు అద్దాలు సన్నగా వణుకుతాయి. ముందు జిరాక్సు మిషను, వెనక ప్లైవుడ్ చెక్క అడ్డం, ఆ అడ్డం వెనక దాసు. బయటినుంచి చూస్తే అతని తల పైభాగం మాత్రం కనిపిస్తుంది. ఏభై ఎనిమిదేళ్ళ మనిషి. బక్కపల్చన. కుడి భుజం ఎడమదానికంటే కాస్త దిగి ఉంటుంది. వేళ్ళ చివర్లు నొక్కినొక్కి బల్లపరుపుగా అయిపోయాయి. తెల్ల చొక్కా జేబులో ఎప్పుడూ ఒక ఎర్ర పెన్ను, ఆ జేబు కింద ఎన్ని ఉతుకులకీ వదలని ఎర్ర మరక. ప్రూఫు దిద్దే పెన్ను అది. దాని మూత అతను ఆలోచించేటప్పుడు నోట్లో ఉంటుంది కాబట్టి పళ్ళ గాట్లు పడి ఉంటుంది.

చుట్టుపక్కల ఏ ఇంట్లో పెళ్ళయినా, గృహప్రవేశమైనా, మనిషి పోయినా, ఆ మాటలు ఈ వేళ్ళ కిందినుంచే వెళ్ళాయి. అయినా దాసుని రోడ్డు మీద ఎవరూ గుర్తుపట్టరు. కార్డు మీద ప్రెస్సు పేరు ఉంటుంది గానీ టైపు చేసినవాడి పేరు ఉండదు కదా.

షాపు పెట్టింది గౌరీశంకర్. ఆయన పోయి మూడేళ్ళయింది. ఇప్పుడు కొడుకు ప్రేమ్‌కుమార్ చూస్తున్నాడు. మంచివాడే. అయితే తొందర మనిషి. ఇంగ్లీషు మీడియంలో చదివాడు, తెలుగు చదవగలడు గానీ అక్షరం అక్షరం చదవడు, మాట ఆకారం చూసి దాటుకుపోతాడు. అతనే పదిరోజుల క్రితం కొత్త సిస్టమ్ కొని, అందులో ఉచితంగా దొరికే ఆఫీసు సాఫ్ట్‌వేర్ వేయించాడు. ఆ రోజే దాసుతో నెమ్మదిగా ఒక మాట కూడా అన్నాడు. ఫోన్లో నోటితో చెబితే తెలుగు అదే పడిపోతోందనీ, ఇక టైపింగు పెద్దగా ఉండదనీ, ఒకటో తారీకునుంచి ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోమనీ. దాసు సరేనన్నాడు. పాత ఫైళ్ళు పదకొండు వందల పైచిలుకు ఉన్నాయి, అవి కొత్తదాంట్లో సవ్యంగా తెరుచుకునేదాకా ఉంటానని మాత్రం అడిగాడు. ఇంటికెళ్ళి కృపామణికి ఏమీ చెప్పలేదు. చెబితే ఆవిడ ఏమీ అనదు, అదే అతనికి భయం.

దాసు మనసులో ఒక లెక్క ఉంది. పాత సిస్టమ్‌లో తెలుగు అసలు తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాలకి తెలుగు చొక్కా తొడిగినట్టు ఉంటుంది. ఆ ఫాంటు లేని కొత్త సిస్టమ్‌లో ఫైలు తెరిస్తే ఆ చొక్కా కాస్తా జారిపోతుంది. పేజీ నిండా డాలరు గుర్తులు, టోపీలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు, తలకిందులుగా వేలాడే ప్రశ్నార్థకాలు. చూసినవాళ్ళు వైరస్ పట్టిందనుకుంటారు. దాసు మాత్రం దాన్ని చదువుతాడు. ఏ డాలరు ఏ దీర్ఘమో, ఏ టోపీ ఏ ఒత్తో అతని కంటికి తెలుసు. ఈ చెత్తని చదవగలిగే మనిషి తనొక్కడే కాబట్టి తన కుర్చీ ఎక్కడికీ పోదని అతని ధైర్యం.

ఆ ధైర్యం పొద్దున్న పదింటికి పోయింది. ప్రేమ్‌కుమార్ నెట్‌లో ఎక్కడో కన్వర్టర్ పట్టాడు. చెత్తగా కనిపిస్తున్న ఫైలు అందులో పడేసి నొక్కితే అవతలినుంచి శుభ్రమైన తెలుగై వచ్చింది. “సూడు బాబాయ్, అయిపోనాది,” అని నవ్వాడు. దాసు వంగి చూశాడు. నిజమే, తెలుగే. పొద్దున్నుంచీ ఛాతీలో ఉన్న బరువు ఇంకాస్త బిగిసింది. గ్యాసు అనుకుని జేబులోంచి మాత్ర తీసి చప్పరించాడు.

చప్పరిస్తూనే రెండో లైను చదివాడు. అది ఏదో పాత గృహప్రవేశం కార్డు. అక్కడ ‘గహప్రవేశం’ అని ఉంది. కింద ‘కష్ణమూర్తి’ అని ఉంది. ఇంకో ఫైలు తెరిచాడు. ‘కతజ్ఞతలు’. ఇంకొకటి. ‘మతి’.

అక్షరాలన్నీ వచ్చాయి. వట్రసుడి ఒక్కటే రాలేదు. ‘కృ’ కాస్తా ‘క’ అయి కూర్చుంది, ‘మృ’ కాస్తా ‘మ’ అయింది. మృతి చెందినవాళ్ళంతా మతి చెందారు. ఏ ఫైలు తెరిచినా అంతే. పెద్దపెద్ద సంయుక్తాక్షరాలన్నీ దాటించిన కన్వర్టరు ఆ పిసరంత కొక్కెం దగ్గర చతికిలబడింది.

దాసుకి నవ్వొచ్చింది. ఎందుకంటే ఆ కొక్కేనికీ అతనికీ పాత పరిచయం. ముప్ఫై మూడేళ్ళ క్రితం అనకాపల్లిలో టైపు ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళే రోజుల్లో, మూడో నంబరు తెలుగు మిషనుకి వట్రసుడి మీట విరిగిపోయి ఉండేది. ఆ మిషను మీద కూర్చునే పిల్ల రోజూ తన ప్రాక్టీసు కాయితం మీద తన పేరు ‘కపామణి’ అని కొట్టుకునేది. మిగతావాళ్ళు కప్పా, కప్పా అని ఏడిపించేవాళ్ళు. ఒకరోజు ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పక్క మిషను మీదున్న దాసు కిమ్మనకుండా ఆ కాయితం తీసుకుని, ప్రతి ‘క’ పక్కనా పెన్నుతో చిన్న కొక్కెం పెట్టి తిరిగి ఇచ్చేశాడు. ముప్ఫై కొక్కేలో, నలభయ్యో. అంతకుమించి వాళ్ళ ప్రేమకథలో చెప్పుకోదగ్గ సంఘటన ఏదీ లేదు. ఏడాది తిరక్కుండా చర్చిలో పెళ్ళయింది.

పదకొండున్నరకి మంగాయమ్మ వచ్చింది. రోలుగుంట దగ్గర పల్లె. ఎండలో ఆటో దిగి వచ్చిందేమో, చెక్క అడ్డం పట్టుకుని కాసేపు నిలబడిపోయింది. ఆవిడ భర్త శివాజీ చెరకు ట్రాక్టరు నడిపేవాడు. పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకం కార్డు వేయాలి. పెద్దకర్మ కార్డులో దాసు రాసిన రెండు లైన్లున్నాయట, అవే మళ్ళీ ఉండాలట. ఆ కార్డు ఇంట్లో ఎలకలు కొట్టేశాయనీ, ఆ మాటలు తనకి నోటికి రావనీ చెప్పి, “మీ పెట్టిలో ఉంటాయి గదా బాబూ,” అంది.

పెట్టెలో ఉన్నాయి. ప్రేమ్‌కుమార్ హుషారుగా ఆ పాత ఫైలు కొత్త సిస్టమ్‌లోకి తెచ్చి, కన్వర్టర్‌లో వేసి, తారీకు మార్చి, రెండు నిమిషాల్లో స్క్రీన్ మీద పెట్టాడు. అదే దాసు కొత్తదాంట్లో మళ్ళీ కొట్టాలంటే గంట పట్టేది. మంగాయమ్మ స్క్రీన్ వంక చూసింది. చదువు రాదు. దాసు వైపు తిరిగి, “సదివి ఇనిపించు బాబూ,” అని అడిగింది.

దాసు చదివాడు. “నీ మృదువైన మాట మా హృదయాల్లో ఎప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది.”

మంగాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “అదే. అదే మాట. మా ఆయన అలాగే మాటాడేవోడు, ఎవలికీ ఇనపడకుండా.” సాయంత్రం వచ్చి కార్డులు తీసుకుంటానని, మందుల షాపులో పనుందని వెళ్ళిపోయింది.

ప్రేమ్‌కుమార్ ప్రింటరులో కార్డులు సర్దుతున్నాడు. దాసు మళ్ళీ స్క్రీన్ వంక చూశాడు. అక్కడ ఉన్నది తను చదివింది కాదు. ‘నీ మదువైన మాట మా హదయాల్లో’ అని ఉంది. లేని కొక్కేలు నోరే పెట్టేసుకుని చదివేసింది.

అప్పుడొక ఆలోచన వచ్చింది. అంతకుముందు ఎప్పుడూ అలాంటి ఆలోచన రాలేదు కాబట్టి అతనికి తన మీద తనకే కొత్తగా అనిపించింది. ఊరుకుంటే సరి. కార్డులు పడతాయి, ఊళ్ళో పంచుతారు, చదువుకున్నవాడెవడో ‘హదయం ఏటిరా’ అంటాడు, మంగాయమ్మ మనుషులు తిరిగొస్తారు. దాసు లేకపోతే ఏమవుతుందో ప్రేమ్‌కుమార్‌కి తెలిసొస్తుంది. చేయాల్సిందల్లా నోరు మూసుకోవడం. ఒకటో తారీకుకి ఇంకా ఆరు రోజులున్నాయి.

ప్రింటరు మొదటి కార్డుని లాక్కుంది.

పోయినవాళ్ళ కార్డులో తప్పు పడితే ఏమవుతుందో దాసుకి తెలుసు. పదిహేనేళ్ళ క్రితం వరకూ అతను పోయినవాళ్ళ కార్డులు పాత కార్డు మీదే కొత్త పేరు కొట్టి చేసేవాడు. ఒకసారి కనకమహాలక్ష్మి అనే ఆవిడ పెద్దకర్మ కార్డులో అడుగు లైనులో, అంతకు ముందు వారం పోయిన చిన్నారి అనే ఆయన పేరు ఉండిపోయింది. ఎవరింటి దుఃఖంలోనో ఇంకెవరో వచ్చి పడుకున్నట్టయింది. ఆవిడ కొడుకు షాపు దాకా వచ్చాడు. తిట్టలేదు. కార్డు బల్ల మీద పెట్టి ఆ పేరు మీద వేలు పెట్టి చూపించి ఏడ్చాడు. గౌరీశంకర్ ఒక్కమాట అనకుండా అన్నీ మళ్ళీ వేయించాడు. దాసుకి రెండు రోజులు అన్నం సయించలేదు.

ఆ తర్వాతే అతను రెండు నమూనా ఫైళ్ళు చేసుకున్నాడు. ఒకదాంట్లో దీపం బొమ్మ, ఒకదాంట్లో సిలువ. రెండింట్లోనూ పోయినవాడి పేరు చోట తన పేరే పెట్టుకున్నాడు. భార్య పేరు చోట కృపామణి. ఇకమీదట పొరపాటున చెరపడం మరిచిపోతే తన పేరే పడాలి. బతికున్నవాడి పేరు కాబట్టి నవ్వుకుని ఊరుకుంటారు. ఈ సంగతి విని కృపామణి మొదట మోకాళ్ళ మీద పడి ప్రార్థన చేసింది. తర్వాత అలవాటయిపోయి వేళాకోళం మొదలుపెట్టింది. సాయంత్రం అతను గుమ్మంలో అడుగు పెట్టగానే, “ఇయ్యాల ఎన్నిసార్లు పోయేరేటి?” అనేది. వర్షాకాలం అయితే రోజుకి రెండుసార్లు కూడా పోయేవాడు దాసు.

“ఆ ప్రింటరు ఆపు బాబూ,” అన్నాడు దాసు.

ప్రేమ్‌కుమార్ తిరిగి చూశాడు. దాసు లేచి వచ్చి, బయటికొచ్చిన నాలుగు కార్డుల్లో ఒకటి తీసుకుని, ఎర్ర పెన్నుతో రెండు చోట్ల చిన్న కొక్కేలు పెట్టి చూపించాడు. పొద్దున్నుంచి తెరిచిన ప్రతి ఫైల్లోనూ ఇలాగే ఉందని కూడా చెప్పేశాడు. ప్రేమ్‌కుమార్ కార్డు వంక, స్క్రీన్ వంక మార్చిమార్చి చూశాడు. అంతలో అతనికి అర్థమయిందేమో, మొహం కాస్త చిన్నబోయింది.

“నువ్వు సెప్పకపోతే నాకు తెలిసేదే కాదు బాబాయ్.”

“తెలీదు.”

“మరెందుకు సెప్పేవు?”

దాసు నోట్లో పెట్టుకున్న పెన్ను మూత తీశాడు. “పోయినోడు మళ్ళీ వచ్చి దిద్దుకోడు గదా బాబూ. మనవే సూసుకోవాల,” అన్నాడు.

మధ్యాహ్నం అన్నం సగం తిని డబ్బా మూసేశాడు. ఆయాసంగా ఉంది. పాత సిస్టమ్‌లో మిగిలిన ఫైళ్ళన్నీ కొత్తదాంట్లోకి వచ్చాయి గానీ పదకొండు వందల ఫైళ్ళలో వట్రసుడులు పెట్టడం ఒక పూటలో తేలే పని కాదు. అందుకని చెడిపోయిన కార్డు ఒకటి తీసుకుని, వెనక్కి తిప్పి, కార్డుల్లో మామూలుగా వచ్చే వట్రసుడి మాటలన్నీ గుర్తుచేసుకుంటూ రాశాడు. మృతి, మృదువు, హృదయం, గృహప్రవేశం, కృష్ణ, కృతజ్ఞత, మాతృ, పితృ, స్మృతి, వృద్ధి, సృష్టి, అమృతం. ప్రతి కొక్కేన్నీ ఎర్రగా, ఓ పిసరు పెద్దగా రాశాడు. ఆ కార్డుని కొత్త స్క్రీన్ అంచుకి టేపుతో అంటించాడు. ఏ పాత ఫైలు తెరిచినా ముందు ఈ మాటలు వెతికి దిద్దుకోవాలని ప్రేమ్‌కుమార్‌కి చెప్పాడు. చెబుతున్నప్పుడు, తన దగ్గర మిగిలిన ఆఖరి పనిని కూడా టేపు వేసి అప్పజెప్పేస్తున్నానని అతనికి తెలుసు. దుఃఖంగానే ఉంది. అయినా ఎందుకో తేలిగ్గా కూడా ఉంది.

అయిదింటికి పాత సిస్టమ్ వెళ్ళిపోయింది. ఆ చోట బల్ల మీద నాలుగు పలకల దుమ్ము మరక మిగిలింది. మంగాయమ్మ వచ్చి కార్డులు కొంగులో చుట్టుకుని తీసుకెళ్ళింది. దాసు తువ్వాలు మెడలో వేసుకుని చెప్పులు వెతుక్కుంటుంటే ప్రేమ్‌కుమార్ జిరాక్సు మిషను దగ్గరనుంచే, తల ఎత్తకుండా అన్నాడు.

“ఒకటో తారీకు మాట వొదిలెయ్ బాబాయ్. రేపు ఓ అరగంట ముందు రా. ఈ కొక్కేలూ ఒత్తులూ నాకు నేర్పాల.”

దాసు చెప్పులు తొడుక్కున్నాడు. వెళ్ళి దేవరాపల్లి వైపు ఆటో ఎక్కాడు. దారి పొడుగునా చెరకు బళ్ళ వెనక ఆటో నెమ్మదిగా నడిచింది. అతనికి ఇల్లు త్వరగా రావాలని లేదు, సంతోషం కాసేపు ఒక్కడూ ఉంచుకోవాలనిపించింది. ఇంటికి వెళ్ళాక రెండు మాటలూ ఒకేసారి చెప్పాడు, ఉద్యోగం పోయిన సంగతీ, తిరిగి వచ్చిన సంగతీ. కృపామణి చేస్తున్న పని ఆపి, “పదిరోజులు కడుపులోనే ఎట్టుకున్నారేటి? నాను పరాయిదాన్నా?” అని మాత్రం అంది. తర్వాత కోడిగుడ్డు ఒకటి ఎక్కువ ఉడకబెట్టింది.

మర్నాడు అరగంట ముందు వెళ్ళాలి కాబట్టి తెల్లవారకముందే లేచాడు. స్నానం చేసి, ప్రార్థన చేసుకుని, చొక్కా మేకునుంచి తీయకుండా బనీనుతోనే మంచం మీద కూర్చుని టీ అడిగాడు. కృపామణి గ్లాసు చేతికిచ్చి వాకిలి ఊడ్వడానికి వెళ్ళింది. ఊడ్చి, నీళ్ళు జల్లి, చేతులు కడుక్కుని వచ్చేసరికి గ్లాసు మంచం పక్కన నేల మీద ఉంది. ఒలకలేదు. టీ మీద మీగడ కట్టింది. దాసు గోడకి ఆనుకుని ఉన్నాడు.

ఆ సాయంత్రమే సమాధి అయింది. మూడోరోజు ప్రేమ్‌కుమార్ షాపు తెరిచి, చెక్క అడ్డం వెనక మొదటిసారి ఆ కుర్చీలో కూర్చున్నాడు. జ్ఞాపకార్థ కూడికకి కార్డు వేసి ఇస్తానని కృపామణికి మాట ఇచ్చాడు. పాత ఫైళ్ళలో ‘నమూనా సిలువ’ అని ఉన్నది కన్వర్టర్‌లో వేసి తెరిచాడు. పేరు మార్చాల్సిన చోటు వెతికాడు. మార్చడానికి అక్కడ ఏమీ లేదు. పోయినవాడి పేరు దాసు అనే ఉంది, ఊరు అదే, భార్య కూడా ఆవిడే. తారీకులు ఒక్కటే ఖాళీగా ఉన్నాయి. ప్రేమ్‌కుమార్ కీబోర్డు మీదనుంచి చేతులు తీసేశాడు. వాళ్ళ నాన్న పోయినప్పుడు ఏడవనివాడు అప్పుడు ఏడ్చాడు.

కళ్ళు తుడుచుకుని, స్క్రీన్ అంచున అంటించిన కార్డు చూసి, ఒక్కొక్క మాటే వెతికాడు. హృదయం దిద్దాడు. స్మృతి దిద్దాడు. కృతజ్ఞతలు దిద్దాడు. జాబితాలో పన్నెండు మాటలున్నాయి, పన్నెండూ చూశాడు. ఒక్కటి కూడా వదల్లేదు. రెండొందల కార్డులు వేసి, తనే పట్టుకుని ఆటో ఎక్కాడు.

కృపామణి కళ్ళజోడు పెట్టుకుని కార్డు మొదటినుంచీ చదివింది. ఆవిడ అక్షరం అక్షరం చదువుతుంది. వేలు లైను వెంట నెమ్మదిగా నడుస్తూ వచ్చి ఒకచోట ఆగిపోయింది.

ప్రేమ్‌కుమార్ వంగి చూశాడు. ‘భార్య: కపామణి’.

దాసు జాబితాలో ఆ మాట రాయలేదు. మరిచిపోతానేమోనన్న మాటలే రాసుకున్నాడు మరి.

ప్రేమ్‌కుమార్ మొహం మాడిపోయింది. “తప్పయిపోనాది పిన్నీ. ఇప్పుడే అట్టుకెళ్ళి మళ్ళీ ఏసుకొస్తాను,” అని కట్ట అందుకోబోయాడు.

కృపామణి ఇవ్వలేదు. “వొద్దు బాబూ. మొదట్నుంచీ నా పేరుకి ఇది సేత్తోనే ఎట్టేరు ఆయన,” అంది.

లేచి, మేకుకి వేలాడుతున్న తెల్ల చొక్కా జేబులోంచి పెన్ను తీసుకొచ్చి, మంచం మీద కార్డులు పరుచుకుని, మొదటి కార్డు మీద ‘క’ పక్కన చిన్న కొక్కెం పెట్టింది. కొక్కెం సరిగ్గా పడింది. నలుపు అక్షరాల మధ్య ఎర్రగా. ప్రేమ్‌కుమార్ ఎదురుగా నేల మీద కూర్చుని, ఆవిడ దిద్దిన కార్డులు ఒక్కొక్కటే అందుకుని ఆరబెట్టాడు. రెండొందలు అయ్యేసరికి ఎండ గుమ్మం దాటింది.

అన్నీ అయ్యాక ఆవిడ పెన్నుకి మూత పెట్టి, కట్ట మీద ఉంచింది. ఆ మూత నిండా పళ్ళ గాట్లు.